చెక్క మేడ మీద పాట

తిరువూరు పాత ఇళ్ళలో బల్లలు పరిచిన మేడ గది ఇంకా అక్కడక్కడా నిలిచి ఉంది. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద టేకు బల్లలు, నెత్తిన పెంకు. అలాంటి గదిలో రికార్డు ప్లేయరు పెట్టుకున్నవాళ్ళకు ఒక బాధ బాగా తెలుసు. పాట సాగుతుంటుంది. ఎవరో మెట్లెక్కి గదిలోకి నాలుగడుగులు వేస్తారు. మూడో అడుగుకో నాలుగో అడుగుకో ముల్లు లేచి రెండు గీతల అవతల పడుతుంది. మా చిన్నతనంలో ప్లేటు పెట్టగానే మా తాతయ్య "ఎవరూ కదలకండర్రా" అని కేకేసేవారు. పిల్లలం చాప మీద ఎక్కడివాళ్ళం అక్కడే బిగుసుకుపోయేవాళ్ళం. పాట వినడమంటే కదలకుండా కూర్చోవడమేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఊగే చెక్క నేల మీద ప్లేయరును నిలకడగా ఉంచడం ఎలా అన్న ప్రశ్నకు ఎల్పీ రికార్డు పుట్టినప్పటి నుంచీ జవాబులు పోగుపడుతూనే ఉన్నాయి. స్ప్రింగులన్నారు, బండలన్నారు, రబ్బరన్నారు, గోడ అన్నారు, ఉయ్యాల అన్నారు. ఒక్కో జవాబు ఒక ఇంట్లో పనిచేసింది, పక్కింట్లో బెడిసికొట్టింది. ఎందుకు బెడిసిందో తెలియక జనం ఇంకో సరుకు కొన్నారు. నా అభిప్రాయం ముందే చెప్తాను. ప్లేయరు కింద ఏం పెట్టాలన్నది రెండో ప్రశ్న. ఇంట్లో ఏ భాగం దాన్ని మోయాలన్నది మొదటి ప్రశ్న. ఈ రెండోదాని మీద పెట్టిన డబ్బులో చాలా భాగం మొదటిదాన్ని పట్టించుకోకపోవడం వల్ల వృథా అయింది.

మన పెద్దలకు ఈ బాధ ఇంతగా లేదు. వాళ్ళ యంత్రం మొరటుది కావడమే కారణం. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ వంటి గాయనుల పాటలతో మన దేశంలో మొదలైన రికార్డు, 1908 నుంచి అక్కడి ఫ్యాక్టరీలోనే అచ్చయ్యేది. లక్కతో చేసిన ఆ ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. కీ ఇచ్చే గ్రామఫోనులో సౌండ్ బాక్సు బరువు, దాన్ని మోసే గొట్టం బరువు కలిసి ముల్లు మీద 100 గ్రాములకు పైగా పడేది. పక్కపక్కకు ఒరుసుకుపోయే ఆ వెడల్పాటి గీతలోంచి అంత బరువైన ఉక్కు ముల్లును లేపాలంటే ఇల్లంతా కుదపాలి. ప్లేటు త్వరగా అరిగేది, ముల్లును ప్రతి వైపుకూ మార్చాల్సి వచ్చేది. పద్యం మాత్రం తెగేది కాదు. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు, కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఘంటసాల గొంతులో, మా ప్రాంతంలో మేడల మీదా అరుగుల మీదా పెళ్ళిపందిళ్ళలోనూ ఇలాగే మోగాయి.

1948 జూన్‌లో అమెరికాలో కొలంబియా వాళ్ళు ఎల్పీ తెచ్చారు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, గీత చాలా సన్నం. పాత ముల్లు కొన గుండ్రం వ్యాసార్ధం ఒక మిల్లీమీటరులో పదమూడో వంతు ఉంటే ఎల్పీ ముల్లుది నలభయ్యో వంతు. 1957, 58లలో స్టీరియో వచ్చాక గీత పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా కదలడం మొదలుపెట్టింది. అంటే అంతకుముందు ప్లేయరు పట్టించుకోని పైకీ కిందికీ అదురును కూడా స్టీరియో ముల్లు పాటగానే లెక్కవేసి స్పీకరుకు పంపుతుంది.

మధ్యలో ఒక వారధి లాంటి యంత్రం మన ఇళ్ళలో ఉండేది. సూట్‌కేసు లాంటి పెట్టెలో వచ్చే హెచ్.ఎం.వి. ఫియెస్టా. దాని సెరామిక్ కార్ట్రిడ్జి ముల్లు మీద బాగానే బరువు వేసేది. అందుకే అది మేడ మీద కూడా నెగ్గుకొచ్చింది. ఆ పెట్టె తీసేసి మంచి టర్న్‌టేబుల్ కొన్న రోజునే చాలా ఇళ్ళలో ముల్లు ఎగరడం మొదలైంది. డబ్బు ఎక్కువ పెట్టాక పాట పాడైందేమిటని అమ్మినవాళ్ళను తిట్టుకున్నవాళ్ళను చూశాను. యంత్రంలో లోపమేమీ లేదు.

లోపం ఎక్కడుందో చూడాలంటే కాస్త లెక్క తప్పదు. టోన్ ఆర్మ్ అంటే ముల్లును మోసే చెయ్యి. దాని కొన దగ్గర కదిలే బరువు 12 గ్రాములు, కార్ట్రిడ్జి 6 గ్రాములు అనుకుందాం. మొత్తం 18. ముల్లు రబ్బరు కీలు మీద ఉంటుంది. ఆ కీలు ఎంత వదులో తయారీదారు ఒక అంకెలో ఇస్తాడు. 15 అనుకుందాం. బరువునూ వదులునూ గుణించి వర్గమూలం తీసి, 159ని దానితో భాగిస్తే ఆ చెయ్యి సహజంగా సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. ఇక్కడ 9.7. ఈ అంకె 8, 12ల మధ్య ఉండాలని అందరూ ఒప్పుకున్న మాట. 20కి పైన అయితే పాట స్వరాల్లోకి చొరబడుతుంది. 6 కన్నా కింద అయితే వంకర తిరిగిన ప్లేటు వేసే ఎత్తుపల్లాలతో కలిసిపోతుంది.

చాలా వదులైన, ఖరీదైన కార్ట్రిడ్జి తీసుకోండి. వదులు 30, బరువు 20 అయితే ఫలితం 6.5. ఈ అంకెను గుర్తుపెట్టుకోమంటాను.

ఇప్పుడు నేల వైపు రండి. మనిషి నడక సెకనుకు సుమారు రెండు అడుగులు. ప్రతి అడుగూ నేలను ఒక్క రెండుసార్ల చొప్పునే కాదు, దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల చొప్పున కూడా తడుతుంది. అంటే 2, 4, 6, 8. ఇందాకటి 6.5 వీటిలో 6కు పక్కనే ఉంది. చెక్క నేలకు తనదంటూ ఒక ఊపు ఉంటుంది. యూరపులో చెక్క కట్టడాలకు రాసుకున్న నిబంధనల్లో, ఇంటి నేల ఊపు సెకనుకు 8 కన్నా తక్కువైతే ప్రత్యేకంగా పరీక్షించాలని ఉంది. పాత మేడల్లో దంతెలు సన్నబడి, చెదలు కొంత తిని, కూసాలు వదులై, ఆ ఊపు చాలాచోట్ల అంతకన్నా కిందికే దిగి ఉంటుంది. అడుగు, నేల, టోన్ ఆర్మ్ మూడూ ఒకే అంకె దగ్గర కలిస్తే చిన్న అడుగు పెద్ద ఊపవుతుంది. ఉయ్యాలను సరైన వేళకు తోసే పిల్లాడు తక్కువ బలంతోనే ఎంత ఎత్తుకు తోస్తాడో మనకు తెలుసు.

దీనికి తోడు మన ఇళ్ళకే ప్రత్యేకమైన ఒక చిక్కుంది. కింద గదిలో సీలింగ్ ఫ్యాను వేలాడేది ఏ దూలానికో ఆ దూలమే పై గది నేలను మోస్తుంది. ఇంటి ఫ్యాను పూర్తి వేగంలో నిమిషానికి 350, 380 చుట్లు తిరుగుతుంది. 360 అంటే సెకనుకు సరిగ్గా ఆరు. రెక్క ఒకటి కాస్త వంగి ఉంటే ఆ ఫ్యాను సెకనుకు ఆరుసార్లు దూలాన్ని లాగుతూనే ఉంటుంది. పైన ఎవరూ నడవకపోయినా స్పీకరు పొర లోపలికీ బయటికీ కొట్టుకుంటోందంటే ముందు కింద ఫ్యాను కట్టేసి చూడండి. అది ఆగితే ఫ్యాను రెక్కలు సరిచేయించండి. ఇంత చౌకగా తీరే కేసులు చాలా ఉన్నాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. నేల మొత్తంగా పైకీ కిందికీ లేచిపడితే ప్లేయరూ, చెయ్యీ, ప్లేటూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. దానివల్ల ముల్లుకు పెద్దగా ఆపద లేదు. ఆపదంతా నేల వాలినప్పుడు. అడుగు పడిన వైపుకు నేల రవ్వంత కుంగితే ప్లేయరు ఒక పక్కకు ఒరుగుతుంది. తక్కెడలా తూచి నిలిపిన చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉండబోతుంది. ప్లేటు కదిలింది, చెయ్యి కదల్లేదు. కదలాల్సిన బరువు 18 గ్రాములు, దాన్ని కిందికి పట్టి ఉంచే బలం 2 గ్రాములు. పాత సౌండ్ బాక్సులో ఈ రెండూ దాదాపు సమానంగా ఉండేవి. కొత్త చేతిలో తొమ్మిదింట ఒక వంతు. మూడో అడుగుకు ముల్లు ఎందుకు ఎగురుతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే లెక్క అక్కర్లేదు.

ఇక జవాబుల సంగతి. అన్నిటికన్నా పాతదీ, అందరూ చేసేదీ ముల్లు మీద బరువు పెంచడం. చెయ్యి కొన మీద అయిదు పైసల బిళ్ళ పెట్టిన ఇళ్ళు ఎన్నో. ఆ అల్యూమినియం బిళ్ళ బరువు గ్రామున్నర. తయారీదారు 1.5 నుంచి 2.5 గ్రాముల దాకా అని చెప్పినప్పుడు 1.5 మీద నడుపుతున్నవాళ్ళు కాస్త పెంచుకోవచ్చు, అది తప్పు కాదు. నిజానికి మరీ తక్కువ బరువు కూడా గీతను చెక్కేస్తుంది, ఎందుకంటే ముల్లు గీత గోడలకు ఆనకుండా గెంతుతుంది. పై హద్దు దాటి బిళ్ళ మీద బిళ్ళ పెడితే మాత్రం పోయేది రికార్డు. ఇప్పుడు మళ్ళీ అచ్చు వేయని తెలుగు నాటక రికార్డులు మన దగ్గర ఉన్నాయి. వాటి మీద ఈ ప్రయోగం చేయొద్దని చేతులు జోడించి చెప్తున్నాను.

స్ప్రింగుల దారి 1961లో మొదలైందనుకోవచ్చు. ఎడ్గర్ విల్చర్ ఎకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ కోసం చేసిన టర్న్‌టేబుల్‌లో ప్లేటు పళ్ళెం, చెయ్యి రెండూ ఒకే లోపలి చట్రం మీద ఉంటాయి, ఆ చట్రం మూడు స్ప్రింగుల మీద తేలుతుంది. సుత్తితో పైపెట్టెను కొట్టినా పాట తెగదని వాళ్ళు చేసి చూపించేవాళ్ళు. థోరెన్స్ టీడీ 150, ఆ తర్వాత 1970ల తొలినాళ్ళలో వచ్చిన లిన్ సోండెక్ ఎల్పీ12 అదే బాట పట్టాయి. ఈ ఆలోచన చాలా గొప్పది. చెయ్యీ ప్లేటూ కలిసే కదిలితే ఒకదానికొకటి తేడా రాదన్నది అందులో అసలు కిటుకు. కానీ ఆ స్ప్రింగుల ఊపు సెకనుకు మూడు నుంచి అయిదు మధ్య ఉంటుంది. రాతి ఇంట్లో స్పీకరు అదురును, సుత్తి దెబ్బను అవి బాగా ఆపుతాయి. చెక్క మేడ మీద మనిషి నడక పడేది సరిగ్గా వాటి సొంత ఊపు మీదే. అందుకే ఆ జాతి ప్లేయర్లు ఉన్న ఇళ్ళలోనే పిల్లిలా నడవమని ఇంటివాళ్ళను బతిమాలే పరిస్థితి. ఇవి చెడ్డ యంత్రాలు కావు, చెక్క నేల మీద పెట్టాల్సినవి కావు, అంతే.

దీనికి ఎదురు దారి బరువు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200, 1979లో దాని రెండో రూపం ఆ దారిలోవి. రెండోది పన్నెండు కిలోలకు పైగా తూగుతుంది, అడుగున మందపాటి రబ్బరు. డాన్సు క్లబ్బుల్లో జనం గెంతుతుంటే కూడా నడవాలని వాడేవాళ్ళు దీన్ని ఎంచుకున్నారు. అయినా ఆ క్లబ్బుల్లోనూ దాన్ని కాంక్రీటు దిమ్మ మీద పెట్టడమో, తాళ్ళతో వేలాడదీయడమో చేసేవాళ్ళు. యంత్రం బరువొక్కటే చాలలేదన్నమాట.

బరువు కోసమని మనవాళ్ళు కడప బండ తెస్తారు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న బండ సుమారు 38 కిలోలు తూగుతుంది. దాన్ని మేడ గది నడుమ టేబుల్ మీద పెడితే నేల ఇంకాస్త కుంగి, దాని ఊపు ఇంకా కిందికి దిగుతుంది. నేల ఊగితే బండా దానితో పాటే ఊగుతుంది. బండ ఉపయోగపడేది ఒక్కచోటే: మెత్తటి దాని మీద పెట్టినప్పుడు. చెదలు పట్టిన దంతెల మీద అంత బరువు ఒకేచోట మోపడం ఎలాగూ మంచిది కాదు, దంతెలోకి మేకు దిగ్గొట్టి గట్టిగా ఉందో లేదో చూసుకోకుండా ఎవరూ ఈ పని చేయకూడదు.

మెత్తటివాటిలో రబ్బరు బిళ్ళలు, సగానికి కోసిన టెన్నిస్ బంతులు, సైకిలు ట్యూబు, స్ప్రింగు కాళ్ళు వస్తాయి. వీటన్నిటికీ ఒకటే కొలత. ప్లేయరు బరువుకు అది ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో చూడండి. ఆ అంకె వర్గమూలంతో 15.8ని భాగించండి. రెండు మిల్లీమీటర్లు కుంగే రబ్బరు బిళ్ళ సెకనుకు 11 దగ్గర ఊగుతుంది. ఇలాంటి మెత్తటిది తన ఊపుకు సుమారు ఒకటిన్నర రెట్లు పైనున్న అదురునే ఆపుతుంది. తన ఊపు దగ్గర ఉన్నదాన్ని ఇంకా పెంచుతుంది, దానికి బాగా కిందున్నదాన్ని ఉన్నదున్నట్టు పైకి పంపుతుంది. కాబట్టి ఆ రబ్బరు 6 దగ్గర ఊగే నేలను ఏమీ చేయలేదు, పైగా చేతి ఊపు 9.7కు పక్కనే కూర్చుంటుంది. నేల ఊపును నిజంగా ఆపాలంటే 3 దాకా దిగాలి, అంటే దాదాపు మూడు సెంటీమీటర్లు కుంగాలి. 2 దాకా దిగాలంటే ఆరు సెంటీమీటర్లు. అంత మెత్తటిదాని మీద ప్లేయరు పడవలా ఊగుతుంది, చెయ్యి ఎత్తిపెట్టడమే కష్టం. గాలి తక్కువ పెట్టిన సైకిలు ట్యూబు, దాని మీద నాపరాయి, దాని మీద ప్లేయరు, ఈ ఏర్పాటు మాత్రం మిగతావాటికన్నా మెరుగు. రాయి బరువు వల్ల ట్యూబు బాగా కుంగుతుంది, ఊపు కిందికి దిగుతుంది. వారానికోసారి గాలి చూసుకోవాలి, రసమట్టం పెట్టి సరిచేసుకోవాలి. ఓపిక ఉన్నవాళ్ళకు ఇది పనికొస్తుంది. దుకాణాల్లో వేలు పోసి కొనే మెత్తటి బిళ్ళల్లో చాలావాటికి చెక్క నేల మీద పనిలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఉయ్యాల దారి మనకు పరాయిది కాదు. పాలకుండకు ఉట్టి కట్టినట్టే పెంకు దూలానికి నాలుగు తాళ్ళతో బల్ల కట్టి ప్లేయరును దాని మీద పెట్టడం. నేలతో సంబంధం పూర్తిగా తెగిపోతుంది, అది దీని గొప్ప. పక్కకు ఊగడం నెమ్మది కాబట్టి చేతికి హాని లేదు. కానీ ఒక పొడవు దగ్గర జాగ్రత్త. ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. సుమారు 80 సెంటీమీటర్ల పొడవున్న ఉట్టి ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టేది కూడా సరిగ్గా 1.8 సెకన్లే. నడుమ చిల్లి రవ్వంత పక్కకు ఉన్న ప్లేటు వేస్తే, చుట్టుచుట్టుకూ ఉయ్యాలను తోసినట్టవుతుంది. తాడు మీటరున్నర దాటనివ్వండి, లేదా అరమీటరు లోపు కట్టండి. నూలుతాడు సాగుతుంది, ఇనుప తీగ సాగదు. పిల్లలున్న ఇంట్లో ఇదంతా వద్దు.

అసలు నేలనే సరిచేయొచ్చు కదా అని వడ్రంగి అడుగుతాడు. అడగాల్సిన మాటే. దంతె బిగువు దాని లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఆరంగుళాల లోతు దంతె బదులు ఏడంగుళాలది వేస్తే బిగువు దాదాపు అరవై శాతం పెరుగుతుంది. పాత మేడలో దంతెలు మార్చడం ఇల్లు విప్పడంతో సమానం కాబట్టి అది కుదరదు. దంతెల మధ్య అడ్డబద్దెలు బిగించడం కుదురుతుంది. అడుగు ఒక దంతె మీదే పడకుండా నాలుగు దంతెలు పంచుకుంటాయి. అన్నిటికన్నా బలమైన మందు మాత్రం కింద గదిలో నడిమి దూలానికి ఊతంగా ఒక గుంజ. పరపు సగమైతే ఊపు లెక్క ప్రకారం నాలుగు రెట్లవుతుంది. సెకనుకు ఆరుసార్లు ఊగే నేల ఇరవై దాటిపోతుంది. గుంజ కింద రాయి, పైన బిగించే చీల గట్టిగా ఉంటే అసలులో అంత రాకపోయినా అందులో సగం తప్పకుండా వస్తుంది. ఆ ఒక్క గుంజతో నడక సంబంధమైన బాధ మొత్తం తీరుతుంది. కింద గది నడుమ స్తంభం అడ్డమని ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకోకపోతే అది న్యాయమైన అభ్యంతరమే, పాట ఒక్కరిది, ఇల్లు అందరిది.

గుంజ కుదరనివాళ్ళు టేబుల్‌ను గోడ దగ్గరికి జరుపుతారు. ఏ గోడ? బల్లలు ఏ వైపు పొడవుగా పరిచి ఉన్నాయో చూడండి. దంతెలు వాటికి అడ్డంగా పోతాయి. కాబట్టి బల్లలకు సమాంతరంగా ఉన్న గోడలోనే దంతెల కొనలు దిగి ఉంటాయి. ఆ గోడకు ఆనించాలి. పన్నెండడుగుల గదిలో గోడ నుంచి అడుగు, అడుగుంపావు దూరంలో నేల లేచిపడడం నడుమ లేచిపడేదానిలో మూడో వంతే. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ ఇందాక చెప్పిన వాలు గుర్తుందా? దంతె నడుమ ఎక్కువ లేస్తుంది, కొన దగ్గర ఎక్కువ వాలుతుంది. గోడకు జరిపినప్పుడు లేవడం తగ్గుతుంది, వాలడం తగ్గదు. ముల్లును లేపేది వాలడమే. అందుకే కొందరికి గోడ పక్క టేబుల్ వల్ల సగం ఊరటే దొరుకుతుంది, పూర్తిగా నయం కాదు. ఒక గ్లాసులో అంచు దాకా నీళ్ళు పోసి ఆ టేబుల్ మీద పెట్టి, ఇంకొకరిని మామూలుగా నడవమనండి. నీళ్ళు ఒక పక్కకు ఒరుగుతున్నాయో, నడుమ వలయాలు వస్తున్నాయో చూడండి. ఒరిగితే ఆ చోటు పనికిరాదు.

ముల్లు, చెయ్యి వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది, దాన్ని క్లుప్తంగా చెప్తాను. వదులు తక్కువున్న కార్ట్రిడ్జి, 12 దగ్గరది, అదే 18 గ్రాముల చేతికి పెడితే ఊపు 10.8కి పోతుంది, నేల అంకె నుంచి దూరం జరుగుతుంది. కొన్ని చేతులకు సిలికాన్ నూనె తొట్టి ఉంటుంది. షూర్ కంపెనీ 1978లో వి15 నాలుగో రకానికి ముందు భాగంలో చిన్న బ్రష్ పెట్టి ఇదే పని చేయించింది. ఊపు ఆగకపోయినా పదును తగ్గుతుంది. ఆంప్లిఫయరులో సెకనుకు 20 కన్నా కింది అదురును కోసే ఫిల్టరు స్పీకరు పొరను కాపాడుతుంది, ముల్లును కాపాడలేదు. ఎగిరాక పనిచేసేది ఎగరడాన్ని ఆపలేదు. మన మే నెల ఎండలకు, 45 డిగ్రీలు దాటే రోజుల్లో, పెంకు కింద గదిలో పడుకోబెట్టిన ఎల్పీలు వంకర తిరుగుతాయి. నేల కదలకపోయినా ఆ వంకర ఒక్కటే చేతిని ఊపుతుంది. ప్లేట్లు నిలబెట్టే ఉంచాలి, మేడ మీద కాకుండా కింద గదిలో.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ మధ్య ఎల్పీలు కొంటున్నారు. అక్కడి రికార్డు పరిశ్రమ సంఘం లెక్కల్లో 2022లో అమ్ముడైన ఎల్పీల సంఖ్య సీడీలను దాటింది. అక్కడ ఇళ్ళే చెక్కతో కడతారు, పదహారంగుళాలకొక దంతె, పైన ప్లైవుడ్. తాతగారి రికార్డులు న్యూజెర్సీకి తీసుకెళ్ళిన కుర్రాళ్ళు బేస్‌మెంటులో కాంక్రీటు నేల మీద పెట్టుకుంటే ఏ బాధా లేదు. డాలస్ వైపు సామాన్యంగా బేస్‌మెంటు ఉండదు, కింది అంతస్తే కాంక్రీటు దిమ్మ మీద ఉంటుంది, కాబట్టి అక్కడ కింద గదే మేలు. గోడ అర బిగించేటప్పుడు మాత్రం వాళ్ళు వెతుక్కోవాలి, ఎందుకంటే అక్కడ గోడంటే చెక్క నిలువుల మీద జిప్సం అట్ట. నిలువులోకి మేకు దిగకపోతే అర నిలవదు. వాళ్ళు రాసిన సలహాలు చదివి మనవాళ్ళు ఇక్కడ ఖరీదైన కాళ్ళు తెప్పించుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ళకు లేనిది మనకుంది.

మనకున్నది గోడ. తిరువూరు పాత ఇళ్ళ గోడలు అడుగున్నర, కొన్నిచోట్ల రెండడుగుల మందం. చెక్క నేల ఎంత ఊగినా ఆ గోడ నడకకు కదలదు. మన పెద్దలు ఆ గోడలో దీపానికి, పుస్తకాలకు, దేవుడికి గూళ్ళు వదిలారు. వంటింట్లో నాపరాళ్ళు గోడలోకి చొప్పించి అరలు కట్టారు. రికార్డు ప్లేయరుకు కావలసింది సరిగ్గా ఆ రెండే. టెక్నిక్స్ లాంటిది 45 సెంటీమీటర్ల వెడల్పు, 36 లోతు. రెండడుగుల గోడలో పెద్ద గూడులో అది పట్టేస్తుంది. మూత తెరవడానికి పైన జాగా చూసుకోవాలి, లేదా మూత తీసేయాలి. గూడు చాలకపోతే తాపీమేస్త్రీని పిలిచి ఒకటిన్నర అంగుళాల నాపరాయి కనీసం తొమ్మిదంగుళాలు గోడలోపలికి దిగేలా సున్నం, సిమెంటుతో కట్టించండి. మట్టితో కట్టిన పాత గోడలో ప్లాస్టిక్ ప్లగ్గులు నిలవవు. ఇనుప బ్రాకెట్లే కావాలంటే ముందు టేకు బిళ్ళలు గోడలో దిగ్గొట్టి వాటిలోకి మరలు బిగించాలి.

గోడకూ ఒక శత్రువుంది. విజయవాడ దగ్గర నుంచి మైలవరం మీదుగా తిరువూరు దాటి కొత్తగూడెం, జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మధ్యలోంచే వెళ్తుంది. బరువు లారీ అదురు నేల గుండా పునాదికీ, పునాది నుంచి గోడకూ వస్తుంది. అది సామాన్యంగా సెకనుకు 5 నుంచి 25 మధ్య ఉంటుంది, కానీ నడక ఊపుతో పోలిస్తే చాలా చిన్నది. రోడ్డు పక్కింటివాళ్ళు వీధి గోడ వదిలి లోపలి గోడ వాడుకోవాలి. మెత్తటి బిళ్ళ కాస్త పనికొచ్చేది ఇక్కడే, గట్టి గోడ మీద, మిగిలిన సన్న అదురుకు.

నూజివీడు మాకు దూరం కాదు. అక్కడ పనస మొద్దును తొలిచి వీణలు చేస్తారు. తీగె కొనలో పుట్టిన చిన్న అదురును ఆ చెక్క పట్టుకుని గదంతా నింపుతుంది. మేడ బల్లలు కూడా స్పీకరు అడుగున అదే చేస్తాయి, ఇక్కడ అది కీడు. స్పీకరు అదురు నేలకు, నేల నుంచి ప్లేయరుకు, మళ్ళీ స్పీకరుకు తిరుగుతూ హోరవుతుంది. స్పీకర్లు నేల మీద, ప్లేయరు గోడలో ఉంటే ఆ చుట్టు తెగిపోతుంది. గోడ ఒక్క దెబ్బకు నడక, ఫ్యాను, స్పీకరు మూడింటినీ దూరం పెడుతుంది. నేను చూసిన జవాబుల్లో ఇంకేదీ మూడింటినీ ఒకేసారి తీర్చలేదు.

కాబట్టి నా వరస ఇది. గోడలో గూడు లేదా నాపరాయి అర. అది కుదరకపోతే దూలం కింద గుంజ. అదీ కుదరకపోతే ప్లేయరును మేడ దింపి కింద గదిలో గచ్చు మీద పెట్టండి. ఈ మూడూ కాదన్నాకే స్ప్రింగులు, బంతులు, బిళ్ళలు.

తిరువూరులోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ పాత ఇళ్ళు బాగుచేయిస్తూ చాలామంది ముందు చేసే పని గూళ్ళు ఇటుకలతో పూడ్చి టైల్స్ వేయించడం. ఇంట్లో ఒక్క రికార్డైనా మిగిలి ఉంటే, మేస్త్రీ రాకముందే టేపు పెట్టి గూడు వెడల్పు, లోతు కొలవండి. యాభై సెంటీమీటర్ల వెడల్పు, నలభై లోతు ఉన్న గూడు ఒకటి ఉంటే దాన్ని మాత్రం పూడ్చనివ్వకండి.